స్కాన్‌లో కనిపించే ప్రతి ఖాళీ చిరుగు కాదు

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వయసు 34. కుడి భుజం నొప్పికి ఎంఆర్ఐ తీయిస్తే, ముందువైపు లేబ్రమ్ చిరిగిందన్నారు. దెబ్బేమీ తగల్లేదు. ఆపరేషన్ తప్పదా?

జవాబు: తొందరపడకండి. లేబ్రమ్ అంటే భుజం గిన్నె అంచున ఉండే మృదులాస్థి పట్టీ. ముందువైపు పైభాగంలో అది కొందరికి పుట్టుకతోనే ఎముకకు అతుక్కుని ఉండదు. అరుదుగా అక్కడ అసలే ఉండదు, బదులుగా మధ్య లిగమెంటు తాడులా లావుగా ఉంటుంది. 1994లో విలియమ్స్ బృందం 200 ఆర్థ్రోస్కోపీ వీడియోలు పరిశీలిస్తే మొదటి రకం 12 శాతం, రెండోది 1.5 శాతం భుజాల్లో కనిపించాయి. ఇలాంటి సహజమైన తేడాను చిరుగనుకుని ఎముకకు కుట్టేస్తే చెయ్యి బయటికి సరిగా తిరగదు, నొప్పీ మిగలొచ్చు. మరి నొప్పి ఎందుకంటారా? ల్యాప్‌టాప్ మీదికి గంటల తరబడి వంగి కూర్చునేవారికి మెడ, భుజం కండరాలే నొప్పి పుట్టించగలవు. నిజమైన చిరుగూ ఉండొచ్చు. అందుకే స్కాన్‌లో కనిపించిన ఖాళీ, గిన్నెలో సగం దాటి కిందికి దిగిందా అని సర్జన్‌ను అడగండి. దిగకపోతే, భుజం జారకపోతే ముందు కొన్ని వారాలు ఫిజియోథెరపీ చేయించండి. అయినా తగ్గకపోయినా, భుజం జారినా, చేతిలో పట్టు తగ్గినా, తిమ్మిరెక్కినా ఆర్థోపెడిక్ సర్జన్‌ను మళ్లీ కలవండి.