నడచుచున్నప్పుడు వైఫై తెగకుండుటెట్లు?
2015 పుష్కరములనాటివలె ధర్మపురి జనముతో కిక్కిరిసినదనుకొందము. ఆలయమునుండి గోదావరి రేవునకు నడచుచు, తప్పిపోయిన తల్లితో వైఫై మీద మాటలాడువానికి నడుమ మాట తెగినచో ఎంత ఆందోళన!

దారి పొడవున వైఫై పెట్టెలు నిలిపినంతనే చాలదు. ఒకదానిని విడిచి మరొకదానిని ఎప్పుడు పట్టవలెనో సాధారణముగా ఫోనే నిర్ణయించుకొనును. పెట్టెల బలము మితిమీరినచో, దూరమైనను ఫోను పాతదానినే అంటిపెట్టుకొనును. బలము పెంచుటయే మేలని తలచువారు మనలో పలువురు!

కనుక మనము బలమును తగుమాత్రముగా నుంచి, అన్నిటికి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇరుగుపొరుగు పెట్టెలకు 1, 6, 11 చానళ్లను వేరువేరుగా పంచవలెను. 2008లో వెలువడిన 802.11ఆర్ పద్ధతివలన క్రొత్త పెట్టెవద్ద అనుమతి పరీక్ష త్వరగా ముగియును. పాత ఫోనులు కొన్ని దీనితో కలియవు. వానికై వేరొక పేరుంచుట మంచిది.