అలసరోగము - నాలుకకట్టు

సుశ్రుతసంహిత నిదానస్థానమున ఐదు జిహ్వారోగములు పేర్కొనబడినవి. వానిలో అలసము నాలుకను స్తంభింపజేయునని ఉండుటచే, నేటి వైద్యులు టంగ్ టై అనునది ఇదియేనని భ్రమపడుటకు అవకాశమున్నది. అది సరికాదు. అలసము నాలుక క్రింద పుట్టు కఫరక్తజన్యమైన వాపు. ముదిరినచో జిహ్వామూలము పాకమునకు వచ్చును. టంగ్ టై జన్మతః కలుగునది. నాలుక క్రింది పొర పొట్టిదై, బిగువుగా నుండి, కదలికను అడ్డును. శిశువు నాలుక చాపినపుడు కొన మధ్య నొక్కుపడి హృదయాకారమున కనిపించవచ్చును. చనుపట్టు కుదరకపోవచ్చును, తల్లికి నొప్పి కలుగవచ్చును.

ఉచ్చారణ విషయమున మన శిక్షాకారుల స్థానకరణ వివేచన ఇచట అక్కరకు వచ్చును. పవర్గము ఓష్ఠ్యము గనుక ఈ పొరతో దానికి పనిలేదు. జిహ్వాగ్రము పైకి లేవవలసిన ట, ర, ల, ళ వంటి వర్ణములలోనే చిక్కును వెదకవలెను. అయినను మూడేండ్ల బిడ్డ రేఫకు బదులు లకారము పలుకుట సామాన్యమే. అంతమాత్రమునకు కత్తెర అక్కరలేదు. మాటలు ఆలస్యముగా వచ్చుటకు ఈ పొర కారణము కాదు.

స్తన్యపానమునకు నిజముగా అడ్డమైనచో పొరను కత్తిరించుట స్వల్పకాలమున ముగియు చికిత్స. కాని ముందుగా పాలిచ్చు తీరును సరిచూడవలెనని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2024లో సూచించినది. పైపెదవి లోపలి పొర శిశువులకు సహజముగా ఉండునదే. పాలు త్రాగుట కొరకు దానిని కోయుటకు తగిన ఆధారము లేదు.