వెనక కూర్చున్నది సామాను కాదు, మీ బిడ్డ



ఉదయం బడి వేళకు చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఫలక్‌నుమా, బార్కస్, బండ్లగూడ వైపుల నుంచి వచ్చే బళ్లన్నీ అక్కడే కలుస్తాయి. బస్సులు, లారీలు, ఆటోల మధ్య చిన్న స్కూటీల మీద మన పిల్లలు. ముందు ఒకరు నిలబడి, వెనక ఒకరు బ్యాగుతో. హెల్మెట్ మాత్రం నాన్నకే. అడిగితే "ఎంత దూరమండీ, రెండు కిలోమీటర్లేగా!" అంటాం. ఈ నెల పాఠం ఆ రెండు కిలోమీటర్ల గురించే.

బరువు పెరిగితే బండి మారుతుంది

30 కిలోల పిల్ల, 5 కిలోల బ్యాగు వెనక చేరగానే బండి వెనక్కి కుంగుతుంది. ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ తేలికవుతుంది. అందుకే ఇద్దరు కూర్చున్నప్పుడు వెనక టైరులో గాలి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో చూసి పట్టించండి.

40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ముందు ఆటో ఆగిందని గమనించి మీరు బ్రేక్ పట్టేలోపే ఆ 11 మీటర్లు అయిపోవచ్చు. వేగం రెట్టింపైతే, బ్రేక్ పట్టాక ఆగే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది. బిడ్డ వెనక ఉన్నప్పుడు నెమ్మదిగా వెళ్లడమే మంచి బ్రేక్.

చట్టం ఏమంటోంది?

• మోటారు వాహనాల చట్టం ప్రకారం నడిపేవారు కాక ఇంకొక్కరికే చోటు. ముగ్గురెక్కితే 1,000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సు రద్దు.

• నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి, పిల్లల తలకు సరిపోయేదే కొనండి. పెద్దవాళ్ల హెల్మెట్ పెడితే దెబ్బ తగిలినప్పుడు ఊడిపోతుంది.

• నాలుగేళ్లలోపు పిల్లలను నడిపేవారికి కట్టి ఉంచే సేఫ్టీ బెల్టు ఉండాలి. వేగం 40 దాటకూడదు. ఇది 2022లో వచ్చిన నిబంధన. ఆ వయసు దాటినా, కాళ్లు ఫుట్‌రెస్ట్‌కు అందేదాకా ఆ బెల్టు వాడటం మంచిది.

మూడు అలవాట్లు మానేద్దాం

1. ముందు నిలబెట్టడం. సడన్ బ్రేక్ పడితే బిడ్డ గడ్డం నేరుగా హ్యాండిల్‌కు తగులుతుంది. వెనక నుంచి మీ బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది.

2. బరువైన బ్యాగును వీపుకు వదులుగా వేలాడనివ్వడం. స్పీడ్ బ్రేకర్ దగ్గర అది బిడ్డను వెనక్కి లాగుతుంది. స్కూటీ అయితే ముందు కొక్కేనికి తగిలించండి. మోటార్ సైకిల్ అయితే పట్టీలు బిగించండి.

3. చున్నీ, కొంగు, బుర్ఖా అంచు వేలాడనివ్వడం. వెనక చక్రంలో చిక్కితే మనిషిని లాగేస్తుంది. చక్రం పక్కన ఉండే సారీ గార్డును అందం కోసం తీసేయకండి.

ఇద్దరు పిల్లలుంటే ఎలా?

అసలు కష్టం ఇదే. ఇంట్లో ఒకటే బండి, బడికి ఒకటే సమయం, ఆఫీసుకు ఆలస్యం. అయినా 15 నిమిషాలు ముందు బయలుదేరి రెండు ట్రిప్పులు వేయండి. లేదా పక్కింటివారితో మాట్లాడుకుని వంతులు వేసుకోండి. పెద్దవాడికి తాళం ఇచ్చి "తమ్ముణ్ణి దింపిరా" అనడం మాత్రం వద్దు. 18 నిండని పిల్లలు నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 జరిమానాతోపాటు మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

ఈ ఆదివారం ఇంటి పని

ఇంజిన్ ఆపి, మెయిన్ స్టాండ్ వేసి, బిడ్డను వెనక కూర్చోబెట్టండి. కాళ్లు ఫుట్‌రెస్ట్ మీద ఆనుతున్నాయా? రెండు చేతులతో మీ నడుము పట్టుకోగలదా? "నేను చెప్పేదాకా ఎక్కకు, దిగకు. మలుపులో నాతోపాటే వంగు. నిద్ర వస్తే నా వీపు తట్టు" అని నేర్పండి. తర్వాత తన మాటల్లో మీకే తిరిగి చెప్పమనండి.

సోమవారం గేటు దగ్గర దిగే ప్రతి బిడ్డ తలమీదా హెల్మెట్ చూడాలని మా కోరిక. బడికి ఐదు నిమిషాలు ఆలస్యమైతే పాఠం మళ్లీ చెప్పుకోవచ్చు.