సన్న రంపం మిషనుకి స్పేర్లు, సర్వీసు: ఒక ఉదయగిరి ఇల్లాలి చిట్కాలు

మా ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలు, ఫోర్కుల సంగతి మీకు తెలిసిందే. లేపాక్షి షోరూముల్లో అమ్ముతారు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నర్ది, బిక్కి కర్రని చేతి పనిముట్లతో చెక్కే పని ఇది. వంకర గీత మీద సన్నగా కోయాల్సి వస్తే మాత్రం స్క్రోల్ సా సుఖం. మా ఇంట్లో దాన్ని సన్న రంపం మిషను అంటాం. కోసేది మా ఇంటాయన. బ్లేడ్లు, బిల్లులు, కంపెనీ వాళ్ళతో ఫోన్లు, పోట్లాటలు నావి.

ఖరీదైన మిషను కొంటే చాలనుకుంటారు చాలామంది. మిషను బంగారమే, కాదన్ను. కానీ గోరంత స్క్రూ అరిగితే అది ఆత్మకూరులో దొరకదు, నెల్లూరులో దొరకదు. చెన్నైలో కూడా లేదంటే వేలు పోసిన మిషను మీద గుడ్డ కప్పి మూలన పెట్టాల్సిందే. అట్టా కాకుండా నేను చేసేవి ఇవి.

కొనేముందు

1. కస్టమర్ కేరుకి ఫోన్ చేసి మిషను ధర కాదు, బ్లేడు క్లాంపు, స్విచ్చు, స్పీడు బోర్డు ధరలడగండి, స్టాకుందా అని అడగండి. టకటకా చెప్పిన కంపెనీదే కొనండి. "కనుక్కుని చెప్తాం మేడమ్" అని మళ్ళీ ఫోన్ చెయ్యని వాళ్ళు అమ్మాక అసలే చెయ్యరు.

2. విదేశీ మిషనైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, అడ్రసు, ఫిర్యాదులకి ఫోన్ నంబరు చూసుకోండి. అవి అచ్చు వెయ్యాలన్నది తూనికలు కొలతల చట్టం రూలు. అవి లేని సరుకు ఎంత చవకైనా, రేపు ఎవర్ని పట్టుకోవాలో తెలీదు.

3. మీ వీధిలో నలుగురి దగ్గర ఏ మోడలుందో అదే కొనండి. మా ఊళ్ళో దిలావర్ భాయ్ వీధిలా ఇంటింటా పనిచేసే చోట అందరిదీ ఒకటే మోడలైతే స్పేర్లు బదులు దొరుకుతాయి, మూలనపడ్డ మిషను ఒక్కటి వీధి మొత్తానికీ స్పేర్ల పెట్టె అవుతుంది.

4. షాపులో మిషను బల్ల మీద అయిదు రూపాయల బిళ్ళని అంచు మీద నిలబెట్టి, స్పీడు మెల్లగా పెంచమనండి. బిళ్ళ పడకుండా నిలబడితే వణుకు తక్కువ, అంటే బేరింగులు ఎక్కువ కాలం నిలుస్తాయి. షాపతను నవ్వితే నవ్వనీండి.

5. పిన్ను ఉన్న బ్లేడు మాత్రమే పట్టే మిషను వద్దు. పిన్ను లేని అయిదంగుళాల బ్లేడు పట్టేదైతే ఏ కంపెనీ బ్లేడైనా సరిపోతుంది, సన్న బెజ్జంలోంచి దూర్చి లోపలి డిజైను కోసుకోవచ్చు.

6. అమెరికాలో ఉన్న అబ్బాయి మిషను తెస్తానంటే సంబరపడకండి, అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు దిగుతాయి గానీ హెర్ట్జ్ మారదు, మామూలు ఇండక్షన్ మోటారైతే ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది.

7. బరువు సంగతీ చూసుకోండి. అక్కడ బాగా అమ్ముడుపోయిన డీవాల్ట్ డీడబ్ల్యూ788 పాతిక కిలోలుంటుంది, విమానంలో మామూలు టిక్కెట్టుకి ఒక్కో పెట్టెకి ఇచ్చేది 23 కిలోలు. అబ్బాయి చేత బ్లేడ్లు తెప్పించుకోండి, అవీ చేతిసంచీలో కాదు, లగేజీలో వేసే పెట్టెలో పెట్టమనండి.

8. "ఇంటి వాడకానికే వారంటీ" అని కార్డులో చిన్నక్షరాల్లో ఉంటుంది, అద్దాలు పెట్టుకుని చదవండి. గరిటెలు కోసి అమ్ముకునే వాళ్ళం అని ముందే చెప్పి, వారంటీ వర్తిస్తుందని మెయిల్లోనో వాట్సాప్‌లోనో రాయించుకోండి.

9. పాత మిషను కొంటుంటే కరెంటు తీసేసి పై చెయ్యి పట్టుకుని పక్కలకి ఊపండి. లొడలొడమంటే బుష్షులు, బేరింగులు పోయినట్టే, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

10. చేతులు మారిన కంపెనీ పాత మోడలు దగ్గర జాగ్రత్త. అమెరికాలో పేరున్న డెల్టా 2011లో వేరే కంపెనీ చేతికి వెళ్ళింది, అట్టాంటి చోట పాత మోడళ్ళ స్పేర్ల నంబర్లు ఇప్పటి లిస్టులో ఉన్నాయో లేదో చూశాకే డబ్బు తియ్యండి.

కొన్న రోజే

11. మోడలు, సీరియల్ నంబరు ఉన్న రేకుని ఫోటో తీసి ఫోన్లో దాచండి. మిషను బల్లకి బిగించాక ఆ రేకు గోడవైపుకి పోతుంది, కంపెనీ వాళ్ళు మొదట అడిగేది అదే.

12. జీఎస్టీ బిల్లు నున్నటి కాగితం మీదైతే అదే రోజు జిరాక్సు తీయించండి. ఆ అక్షరాలు ఎండకి, వేడికి వెలిసిపోతాయి, వారంటీ కోసం తీసేసరికి తెల్లకాగితం మిగులుతుంది.

13. ముక్కలన్నీ విడదీసి నంబర్లు వేసిన బొమ్మ మాన్యువల్లో ఉంటుంది, లేకపోతే కంపెనీ సైట్లోంచి దించుకోండి. "ఆ పైన ఉండే గుండ్రటిది" అని చెప్పే బదులు నంబరు చెప్తే తప్పు ముక్క రాదు, రెండో కొరియరు ఖర్చుండదు.

14. పెట్టె, థర్మోకోలు అటక మీద పడేయండి. చోటు తింటాయి, నిజమే, కానీ వారంటీలో వెనక్కి పంపాల్సొస్తే దారిలో విరిగిందన్న పేచీ ఉండదు.

15. బ్లేడు క్లాంపులు, వాటి స్క్రూలు ఇంకో జత మిషనుతోపాటే కొనండి. రోజూ తిప్పేది వాటినే కాబట్టి మొదట అరిగేవీ అవే.

బ్లేడ్ల సంగతి

ఇక్కడే డబ్బు ఎక్కువ కారిపోతుంది, అందుకని కొంచెం ఎక్కువ చెప్తా.

16. బ్లేడు నంబరు పెరిగేకొద్దీ లావు. దువ్వెన లాంటి సన్న పనికి 1, 3, అరంగుళం చెక్కకి 5, ముప్పావు అంగుళానికి 7 లేక 9 తీసుకుంటే బ్లేడ్లు తెగడం తగ్గుతుంది.

17. విడివిడిగా కొనకండి, డజన్ల లెక్కన కొనండి. నలుగురు కలిసి గ్రోసు, అంటే 144, తెప్పించుకుంటే కొరియరు ఖర్చు నలుగురికీ పంచుకోవచ్చు.

18. పళ్ళు కిందికి, మీ వైపుకి ఉండాలి. వేలి కొనతో కింది నుంచి పైకి తడిమితే గుచ్చుకోవాలి, తిరగేసి బిగిస్తే చెక్క ఎగిరెగిరి పడుతుంది.

19. బిగించాక తీగలా మీటి వినండి. టింగుమంటే సరిపోయింది, బొంగురుగా మోగితే ఇంకొంచెం బిగించండి. వదులు బ్లేడు గీత తప్పి చెక్క పాడుచేస్తుంది, అప్పుడు బ్లేడుతోపాటు కర్ర కూడా దండగే.

20. పార్సిళ్ళకి వేసే పారదర్శక టేపు చెక్క పైన అంటించి దానిమీద నుంచి కోయండి. బ్లేడుకి రాపిడి తగ్గి చెక్క మాడదు, గట్టి కర్రకి ఇది మరీ ఉపయోగం.

21. మాడు వాసన వస్తున్నా, మామూలుకన్నా గట్టిగా తోయాల్సి వస్తున్నా బ్లేడు మార్చేయండి. మొండి బ్లేడుతో పొదుపు చేస్తే ఆ భారం మోటారు మీద పడుతుంది, బ్లేడు ధరెక్కడ, మోటారు ధరెక్కడ!

22. చెక్క అడుగున పీచు లేస్తుంటే, కింది పళ్ళు కొన్ని తిరగేసి ఉండే బ్లేడు అడిగి తీసుకోండి. గరుకు కాగితంతో రుద్దే పని సగం తగ్గుతుంది.

23. బ్లేడ్లు అయిపోయి చేతిలో ఆర్డరుంటే కంసాలి అంగడికి వెళ్ళండి. నగలు కోసే బ్లేడూ ఇంచుమించు అయిదంగుళాలే. పళ్ళు మరీ సన్నం కాబట్టి పని నెమ్మదిగా సాగుతుంది, కానీ ఆ పూట గడుస్తుంది.

24. ఒక చేతి రంపం ఫ్రేము కొని గోడకి తగిలించండి. మిషను బ్లేడ్లే దానికీ పడతాయి, మిషను సర్వీసుకి వెళ్ళిన రోజుల్లో పని ఆగదు.

ఇంట్లో సర్వీసు

25. పని అయ్యాక బ్లేడు బిగింపు వదులు చేసి లేవండి. బ్లేడు ఎక్కువ రోజులు వస్తుంది, మిషను చేతులకీ విశ్రాంతి.

26. పొట్టుని నోటితో ఊదకండి, కళ్ళలో పడుతుంది. పాత పెయింటు బ్రష్షుతో దులిపి, మోటారు గాలిరంధ్రాల్లోకి సైకిలు పంపుతో గాలి కొట్టండి.

27. బల్ల మీద కొవ్వొత్తి రుద్ది పొడిగుడ్డతో తుడవండి. చెక్క జారుతుంది, తుప్పు పట్టదు, ఖర్చు రెండు రూపాయలు కూడా కాదు.

28. కంపెనీ చెప్పిన చోట కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. కారేంత పోస్తే పొట్టు అంటుకుని ముద్దయి బేరింగుని తినేస్తుంది.

29. బల్ల మధ్య బెజ్జం పెద్దదై చిన్న ముక్కలు కిందికి పోతుంటే గడువైపోయిన ఏటీఎం కార్డుకి సన్న బెజ్జం వేసి అంటించండి. దాని కోసం కంపెనీ ముక్క తెప్పించక్కర్లేదు.

స్పేర్లు ఎక్కడ దొరుకుతాయంటే

30. బేరింగు మీద 608, 6000 లాంటి నంబరుంటుంది, అది ప్రపంచమంతా ఒకటే. ఆ నంబరు చెప్పి నెల్లూరు బేరింగు షాపులో కొనండి. పక్కన "2ఆర్‌ఎస్" అని ఉన్నది తీసుకుంటే రబ్బరు మూత ఉంటుంది, పొట్టు దూరదు.

31. కార్బన్ బ్రష్షులు అరిగితే పాతవి జేబులో వేసుకుని వెళ్ళండి, పొడవు, వెడల్పు, మందం కలిస్తే చాలు. డ్రిల్లింగు మిషను స్పేర్లమ్మే షాపులో అడగండి, కాస్త పెద్దదైతే గరుకు కాగితం మీద అరగదీసుకోవచ్చు.

32. మోటారు కాలితే కొత్తది కొనేముందు ఆత్మకూరులో వ్యవసాయ మోటార్లకి వైండింగ్ చేసే వాళ్ళకి చూపించండి. కండెన్సరు పోయి ఉంటే దాని మీద రాసిన మైక్రోఫారడ్, వోల్టుల లెక్క కలిసిన ఇంకోటి వేస్తే సరి.

33. పొట్టు ఊదే చిన్న రబ్బరు తిత్తి చిరిగితే చేపలతొట్టి గాలి పంపు కొని గొట్టం తగిలించండి. కంపెనీ తిత్తికన్నా బాగా ఊదుతుంది, అది నా తీర్పు.

34. స్పీడు బోర్డు, క్లాంపులు మాత్రం కంపెనీవే వేయండి, ఇక్కడ చవకబేరానికి పోకండి. క్లాంపు జారితే బ్లేడు విరిగి మొహం మీదికొస్తుంది.

35. పోయింది ఒక్క ముక్కే అని తేలితే మిషను మొత్తం పంపకండి, ఆ ముక్క విప్పి ఆర్టీసీ పార్సిల్లో పంపండి. విప్పేటప్పుడు ఒక్కో మెట్టూ ఫోటో తీసుకుంటే తిరిగి బిగించడానికి మెకానిక్కుని పిలవక్కర్లేదు.

కంపెనీ వాళ్ళతో

36. శబ్దం తేడాగా ఉంటే మాటల్లో చెప్పకండి, వీడియో తీసి పంపండి. "సరిగ్గా చూపించండి" అని తిప్పించుకునే ఫోన్లు రెండు మూడు తగ్గుతాయి.

37. ఫిర్యాదు నంబరు, మాట్లాడినవాళ్ళ పేరు, తేదీ కేలండరు మీదే రాయండి. పేరు పెట్టి, తేదీ చెప్పి అడిగితే అవతలి గొంతు ఇట్టే మారిపోతుంది.

38. ఆన్‌లైన్లో కొన్నదైతే అమ్మకం సైటు ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

39. అప్పటికీ కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చుండదు.

40. "మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారులు కారు" అని ఎవరైనా బుకాయిస్తే బెదిరిపోకండి. సొంతంగా కష్టపడి పొట్టపోసుకోడానికి కొన్నవాళ్ళు వినియోగదారులే అని 2019 చట్టంలోనే ఉంది. మా ఊరి పనివాళ్ళంతా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే.

41. కంపెనీ ఢిల్లీలో ఉన్నా కేసు మన నెల్లూరు జిల్లా కమిషన్లోనే వేయొచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, కానీ రెండేళ్ళు దాటనివ్వకండి.

42. మీ ఊళ్ళో చెయ్యి తిరిగిన మెకానిక్కుంటే అతని నంబరు మీరొక్కరే దాచుకోకండి, పక్కింటికీ ఎదురింటికీ ఇవ్వండి. నాలుగు మిషన్ల పని వస్తేనే అతను స్పేర్లు తెచ్చి షాపులో పెట్టుకుంటాడు. ఒక్కరి కోసం ఎవరూ తెచ్చి పెట్టరు.