చిన్న వంటింట్లో పెద్ద ఫ్రిజ్: చేయవలసినవి, చేయకూడనివి

ఖరీదైన ఫ్రిజ్ కొనేటప్పుడు ముందు లీటర్లు చూస్తాం, తర్వాత స్టార్లు, ఆ తర్వాత రంగు. అది వచ్చి నిలబడ్డాక వంటింట్లో ఎంత జాగా మిగులుతుంది, ఆ జాగాలో పొయ్యి, సిలిండరు, మనుషులు ఎలా సర్దుకుంటారు అన్నది మాత్రం ఫ్రిజ్ బండి దిగాకే గుర్తొస్తుంది. అసలు ప్రమాదం ఫ్రిజ్‌లో కన్నా దాని చుట్టూ ఏర్పడే ఇరుకులోనే ఎక్కువ. కాబట్టి జాగ్రత్త కొనకముందే మొదలవ్వాలి, టేపు పట్టుకుని.

కొనే ముందు

పక్కపక్కన రెండు తలుపులుండే పెద్ద ఫ్రిజ్ సుమారు 91 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే మూడడుగులు. తలుపులు మూసి ఉన్నప్పటి కొలతతో సరిపెట్టుకోకండి. తలుపు తెరిస్తే ఎంత ముందుకొస్తుంది, లోపలి సొరుగు పూర్తిగా లాగాలంటే తలుపు ఎంత తిరగాలి, అప్పుడు మనిషి ఎక్కడ నిలబడాలి అనేవి కొలవండి. అపార్ట్‌మెంటు లిఫ్టు, గుమ్మం కూడా కొలవండి. పొయ్యి దగ్గర మంట లేస్తే మీరు బయటికి పరుగెత్తే దారికి ఫ్రిజ్ గానీ, తెరిచిన దాని తలుపు గానీ అడ్డం రాకూడదు. మిగతా ఏ కొలత కుదిరినా, ఇది కుదరకపోతే ఆ ఫ్రిజ్ ఆ వంటింటికి పనికిరాదు.

తర్వాత చూడాల్సింది లోపలి గ్యాస్. ఇప్పుడు వస్తున్న చాలా ఫ్రిజ్‌లలో ఆర్-600ఏ ఉంటుంది. దాని అసలు పేరు ఐసోబ్యుటేన్, మన వంటగ్యాస్‌లోని బ్యుటేన్‌కు దగ్గరి చుట్టం. ఓజోన్ పొరకు హాని చేయదు కాబట్టి పాత గ్యాసుల స్థానంలోకి వచ్చింది, అది మంచిదే. కానీ మండుతుంది, గాలికన్నా బరువు కాబట్టి నేలబారున చేరుతుంది. వంటగ్యాస్‌కు కలిపే ఘాటు వాసన దీనికి ఉండదు. పరిమాణం కొద్ది గ్రాములే. ఎంత ఉందో ఫ్రిజ్ మీది లేబుల్ చెబుతుంది. ప్రతి 8 గ్రాములకు గదిలో కనీసం ఒక ఘనపు మీటరు చోటుండాలని చాలా మాన్యువళ్లలో రాసి ఉంటుంది, మనం చదవం. లెక్క వేసి చూడండి: లేబుల్ మీద 80 గ్రాములని ఉంటే 10 ఘనపు మీటర్లు కావాలి. ఆరడుగులకు ఏడడుగుల వంటగది, తొమ్మిదడుగుల ఎత్తు అనుకుంటే మొత్తం 10.7 ఘనపు మీటర్లు వస్తుంది. అందులో ఫ్రిజ్, అల్మారాలు ఆక్రమించేది తీసేస్తే పది మిగలవు. అలాంటి ఇంట్లో ఫ్రిజ్‌ను హాల్లో పెట్టుకోవడమే సరైన పని. అందం చెడుతుందని వెనకాడకండి.

వెనక పలక ఇనుప రేకా, ప్లాస్టిక్కా అని షోరూమ్‌లో తప్పక అడగండి. 2017 జూన్ 14న లండన్‌లో 72 మందిని బలిగొన్న గ్రెన్‌ఫెల్ టవర్ మంటలు నాలుగో అంతస్తు ఫ్లాటులోని వంటగదిలో, ఒక పెద్ద ఫ్రిజ్ దగ్గరే మొదలయ్యాయని విచారణ తేల్చింది. భవనమంతా అంటుకోవడానికి కారణం బయటి గోడలకు వేసిన తొడుగు. కానీ తొలి మంట పుట్టింది వంటింట్లోనే. మామూలు ప్లాస్టిక్ వెనక పలక నిప్పును త్వరగా అందుకుంటుంది, రేకు అడ్డుకుంటుంది.

లేబుల్ మీద క్లైమేట్ క్లాస్ 'టి' అని ఉందో లేదో చూడండి. అది 43 డిగ్రీల వేడి వరకు పనిచేసే తరగతి. 'ఎన్' అని ఉంటే 32 డిగ్రీలకే తయారైనట్టు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో, పైగా పొయ్యి పక్కన, ఆ యంత్రం ఎంత నలుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. అమెరికా నుంచి సామానుతో పాటు ఫ్రిజ్ కూడా తెచ్చుకునేవారికి ఒక మాట: అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటుకు చేసినది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి మారుస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. అక్కడే అమ్మేసి రండి.

పెట్టేటప్పుడు

వెనక, పక్కల, పైన మాన్యువల్ చెప్పినంత ఖాళీ వదలండి. మాడ్యులర్ కిచెన్ పెట్టెలో అతికినట్టు ఇరికించాలని వడ్రంగి సరదాపడతాడు, మీరు ఒప్పుకోకండి. గాలి ఆడకపోతే కంప్రెసర్ వేడెక్కుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, వైర్ల తొడుగు పెళుసుబారుతుంది. గాలి తగిలే జాలీలను అట్టలతో, గుడ్డలతో మూయకండి.

గోడకున్న మూడు పిన్నుల సాకెట్‌కే నేరుగా ప్లగ్గు పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. మిక్సీ, ఓవెన్, ఫ్రిజ్ ఒకే బోర్డు మీద అసలే వద్దు. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి తలుపు పట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోందని చాలా ఇళ్లలో తేలిగ్గా తీసుకుంటారు. అలా అనిపించిన క్షణమే మెయిన్ ఆపేయండి, బాగుచేసేదాకా ముట్టుకోకండి. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉంటే స్టెబిలైజర్ అక్కర్లేదంటారు. లేబుల్‌లో చెప్పిన వోల్టేజి హద్దుల వరకు అది నిజం. పిడుగు పడినప్పుడు వచ్చే కరెంటు పోటుకు ఆ మాట వర్తించదు, ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసేయండి.

ముందు కాళ్లు తిప్పి, ఫ్రిజ్ కాస్త వెనక్కి వాలేలా సరిచేయండి. పెద్ద ఫ్రిజ్‌లు వంద కిలోలు దాటతాయి. తలుపు అరల్లో బరువైన సీసాలు నింపి, దానికి పసివాడు వేలాడితే ముందుకు ఒరుగుతుంది.

గ్యాస్ వాసన వస్తే

సిలిండరు, ఫ్రిజ్ పక్కపక్కనే ఉండే చిన్న వంటిళ్లలో దీన్ని ఇంటిల్లిపాదీ కంఠతా పట్టాలి. వాసన రాగానే లైటు వేయకండి, ఫ్యాను వేయకండి, ఎగ్జాస్ట్ వేయకండి. ఫ్రిజ్ తలుపు తెరవకండి, దాని స్విచ్చి ఆపకండి కూడా. తలుపు తీయగానే దీపం వెలిగించే స్విచ్చిలో, కంప్రెసర్ రిలేలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు, తలుపులు తీసి, అందరూ బయటికి వచ్చేశాక 1906కు ఫోన్ చేయండి. వీలైతే బయటున్న మెయిన్ దగ్గర కరెంటు ఆపండి.

ఫ్రిజ్ గ్యాసే కారితే మనకు వాసన తెలియదు. చల్లదనం తగ్గడం, కంప్రెసర్ ఆగకుండా తిరగడం, సన్నగా బుస్సుమనే చప్పుడు: గుర్తులివే. ఐస్ గడ్డకట్టిందని కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడవడం వల్లే చాలాసార్లు గొట్టానికి చిల్లు పడుతుంది. కరెంటు ఆపి, తలుపు తెరిచి పెట్టి, దానంతట అదే కరగనివ్వండి. మండే గ్యాస్ ఉన్న ఫ్రిజ్‌కు మళ్లీ గ్యాస్ నింపడం శిక్షణ పొందిన మెకానిక్ పని. వంటింట్లో పొయ్యి వెలుగుతుండగా వెల్డింగ్ టార్చి వెలిగించేవాణ్ని పని మొదలుపెట్టనివ్వకండి.

రోజువారీ

లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. వండినవి రెండు గంటల్లోపు లోపల పెట్టాలి, మన ఎండాకాలంలో గంటలోపే. అన్నం విషయంలో మరీ జాగ్రత్త: చాలాసేపు బయట ఉన్న అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషం మళ్లీ వేడిచేసినా పోదు. పచ్చి మాంసం, చేపలు మూతపెట్టి కింది అరలోనే పెట్టాలి. కరెంటు పోతే తలుపు తెరవకండి. మూసి ఉన్న ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లదనం నిలుపుతాయి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లగాలి వచ్చే రంధ్రం ముందు పెడితే గడ్డకడుతుంది, గడ్డకట్టినది మళ్లీ వాడకూడదు. సోడా సీసాలు ఫ్రీజర్‌లో పెట్టకండి, పగులుతాయి.

వెనక ఉండే నీళ్ల ట్రేను వారానికోసారి ఒంపి తుడవండి. డెంగీ దోమ అలాంటి నిలవనీటిలోనే గుడ్లు పెడుతుంది. వెనక్కి లాగలేనంత ఇరుకులో ఫ్రిజ్ పెడితే ఈ పని ఎప్పటికీ జరగదు. ఎలుకలు వైరు కొరికినా కనిపించదు.

పాతది పంపేటప్పుడు

ఎక్కువమంది మరిచిపోయే జాగ్రత్త ఇది. పారేసిన ఫ్రిజ్‌లలో దాక్కుని, తలుపు గొళ్లెం పడి, ఊపిరాడక పిల్లలు చనిపోయిన సంఘటనల వల్లే అమెరికా 1956లో లోపలి నుంచి తలుపు తెరుచుకునేలా తయారుచేయాలని చట్టం చేసింది. ఇప్పటి తలుపులకు గొళ్లేల బదులు అయస్కాంతపు రబ్బరే ఉంటుంది, అయినా పసివాళ్ల బలానికి అన్నిసార్లూ తెరుచుకోదు. కాబట్టి పాత ఫ్రిజ్‌ను మేడ మీదో సెల్లార్‌లోనో వదిలేయకండి. తలుపులు ఊడదీసి, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికి అప్పగించండి. బండి వచ్చేలోగా ఒక్క రోజు ఉంచాల్సి వచ్చినా ఆ తలుపులు ముందే విప్పేయండి.