ఇల్లలకగానే పండగ కాదు! - ఇంటి పని, రవ్వ కేకు ధర: ఒక లెక్కల పాఠం



ఈ ఏడాది సంచికకు మా వంతుగా ఒక లెక్కల పాఠం రాస్తున్నాం. ప్రశ్న చిన్నదే. తామ్వేలో ఒక ఇంట్లో అమ్మ ఒక పళ్ళెం సన్విన్ మకిన్ చేసింది. దాన్ని 24 ముక్కలుగా కోసి, తెలిసినవాళ్ళకు అమ్మాలనుకుంది. ముక్క ధర ఎంత పెట్టాలి?

కొత్తగా యాంగోన్ వచ్చినవాళ్ళకు ఒక మాట. సన్విన్ మకిన్ అంటే రవ్వ, కొబ్బరిపాలు, చక్కెరతో చేసే ఇక్కడి కేకు. మన రవ్వ కేసరికి దగ్గర చుట్టం అనుకోండి. పైన గసగసాలు చల్లి, కింద మంట, మూత మీద నిప్పులు పెట్టి కాల్చడం పాత పద్ధతి. ఇప్పుడు కరెంటు ఉంటే ఓవెన్, లేకపోతే మళ్ళీ బొగ్గులే.

ఈ లెక్క ఇస్తే చాలామంది పిల్లలు రవ్వ, చక్కెర, కొబ్బరికాయల ఖరీదు కూడి, 24తో భాగించి, పైన కొంచెం వేసి "అయిపోయింది" అంటారు. పెద్దవాళ్ళు కూడా అంతే! అందుకే మన సామెతను పేరుగా పెట్టాం. ఇల్లలకగానే పండగ కాదు, రవ్వ కొనగానే కేకూ కాదు.

1. ముందు మాటలు నేర్చుకుందాం

పిల్లలూ, మన భాషలో ఇంటి పనులకు ఎన్ని మాటలున్నాయో చూడండి. ఏ పనికి ఆ మాట, ఏ పనిముట్టుకు ఆ మాట.

రోట్లో రోకలితో అయితే దంచడం. రుబ్బురోట్లో అయితే రుబ్బడం. సన్నికల్లు మీద అయితే నూరడం. తిరగలితో అయితే విసరడం. అన్నిటి ఫలితమూ పొడో ముద్దో, కానీ చేతి కదలిక వేరు, అందుకే మాట వేరు. చేటతో చెరుగుతాం, జల్లెడతో జల్లిస్తాం, రాళ్ళు మాత్రం వేళ్ళతో ఏరుతాం. కొబ్బరి కోరుతాం, పాలు పిండుతాం. బట్టలు ఉతుకుతాం, జాడిస్తాం, పిండుతాం, ఆరేస్తాం, మడత పెడతాం. అంట్లు తోముతాం, కడుగుతాం, బోర్లిస్తాం. ఇల్లు ఊడుస్తాం, తుడుస్తాం. బూజు మాత్రం దులుపుతాం.

ఇన్ని మాటలు పుట్టాయంటే ఇన్ని పనులూ వేరువేరుగా ఉన్నాయన్నమాట. "ఇంటి పని" అని ఒక్క మాటలో చుట్టేస్తే ఇవన్నీ కనిపించకుండా పోతాయి. మన కేకు లెక్కలో జరిగే పొరపాటు కూడా ఇదే.

2. తూకం జాగ్రత్త!

తామ్వే బజారులో సరుకులు పెయిత్తా లెక్కన అమ్ముతారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'విస్' అని రాశారు. మన తెలుగు, తమిళ దేశాల్లో వాడిన 'వీశె' మాటే అది. కాని తూకం ఒకటి కాదు. పాత మద్రాసు వీశె 40 పలాలు, అంటే సుమారు 1.4 కిలోలు. ఇక్కడి వీశె సుమారు 1.63 కిలోలు, దాన్ని 100 భాగాలు చేస్తారు. ఆ చిన్న భాగం పేరే ఈ దేశపు డబ్బుకూ వచ్చింది. కాగితం మీద క్యాట్ అని కనిపించినా అందరం చాట్ అనే పలుకుతాం కదా! 1952లో రూపాయి స్థానంలో చాట్ వచ్చింది.

వంట పుస్తకం గ్రాముల్లో ఉంటుంది, బజారు వీశెల్లో ఉంటుంది. వీశె రవ్వ 8,000 చాట్లు అనుకుంటే, కిలో 8,000 కాదు, సుమారు 4,900. అర కిలో 2,450. మనం 2,500 అని వేసుకుందాం.

ఇక్కడ వాడే ధరలన్నీ లెక్క నేర్చుకోవడానికి పెట్టుకున్నవి. బజారు ధరలు వారం వారం మారుతున్నాయి. మీరు చేసే రోజు ధరలు మీరే రాసుకోండి. పద్ధతి మాత్రం మారదు.

3. లెక్క మొదలు

మొదటి మెట్టు, సరుకులు. రవ్వ 2,500. కొబ్బరికాయలు రెండు 4,000. చక్కెర 2,500. గుడ్లు నాలుగు 1,600. నూనె, వెన్న 2,000. గసగసాలు, కిస్‌మిస్ 1,400. మొత్తం 14,000 చాట్లు.

రెండో మెట్టు, సరుకులు కాని ఖర్చులు. బొగ్గు లేక కరెంటు 1,500. ముక్కలకు కాగితాలు, పెట్టెలు 1,200. బజారుకు వెళ్ళి రావడానికి 1,300. మొత్తం 4,000. ఇప్పటికి 18,000. ఇదంతా చేతినుంచి పోయిన డబ్బు.

మూడో మెట్టు, చేతిపని. గడియారం దగ్గర పెట్టుకుని పని పనికీ నిమిషాలు రాయండి.

బజారు పని 15 నిమిషాలు. రవ్వ జల్లించి, కొబ్బరి కోరి, పాలు పిండడం 25. రవ్వ దోరగా వేయించి, ఉండ కట్టకుండా కలియబెట్టడం 40. కాలేటప్పుడు నిప్పులు సర్దుతూ చూసుకోవడం 20. చల్లారాక కోసి, పెట్టెల్లో సర్దడం 25. అంట్లు తోమి, పొయ్యిగట్టు తుడవడం 25. మొత్తం 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. కేకు కాలుతున్నప్పుడు అమ్మ వేరే పని చేసుకున్న సమయాన్ని ఇందులో కలపలేదు.

గంటకు 2,000 చాట్లు అనుకుంటే చేతికూలి 5,000. మొత్తం ఖర్చు 18,000 + 5,000 = 23,000 చాట్లు.

నాలుగో మెట్టు, అమ్మకానికి వచ్చే ముక్కలు. 24 కోస్తే 24 అమ్ముడుపోవు. ఒకటి విరుగుతుంది, లేదా ఉప్పూ తీపీ చూడ్డానికి ఇంట్లోనే పోతుంది. కాబట్టి 23. ముక్క అసలు ఖరీదు 23,000 ÷ 23 = 1,000 చాట్లు.

ఐదో మెట్టు, మిగులు. ఒకసారి పళ్ళెం మాడిపోవచ్చు, మధ్యలో కరెంటు పోవచ్చు, కొత్త పళ్ళెం కొనాల్సి రావచ్చు. దానికి ఖర్చు మీద 20 శాతం వేస్తే ముక్క ధర 1,200. అన్నీ అమ్ముడైతే 27,600 వస్తుంది, 4,600 మిగులుతుంది.

పెద్ద తరగతి పిల్లలు గమనించండి. ఖర్చు మీద 20 శాతం వేరు, అమ్మకం ధరలో 20 శాతం వేరు. రెండోది కావాలంటే 1,000ని 0.8తో భాగించాలి, అప్పుడు ధర 1,250 అవుతుంది. దుకాణాలతో మాట్లాడేటప్పుడు "20 శాతం" అంటే ఏ 20 శాతమో ముందే అడగాలి.

4. 700 అనే ఉచ్చు

సరుకుల 14,000ని 24తో భాగిస్తే 583 వస్తుంది. "600కు పడింది, 700కు అమ్మితే ముక్కకు 100 లాభం" అనిపిస్తుంది. ఇప్పుడు చూడండి. 23 ముక్కలకు 16,100 వస్తుంది. చేతినుంచి పోయింది 18,000. లాభం మాట అటుంచి 1,900 చాట్లు నష్టం! అమ్మ రెండున్నర గంటల పని ఉచితం.

పోనీ 800కు అమ్ముదాం. 18,400 వస్తుంది. ఖర్చులు పోను 400 మిగులుతుంది. రెండున్నర గంటల పనికి 400 చాట్లు.

ఇలాంటి ధరతో మొదలుపెడితే ఏమవుతుంది? కేకు బాగుందని అందరూ అడుగుతారు. అడిగినకొద్దీ అమ్మ ఎక్కువ చేస్తుంది, చేసినకొద్దీ అలిసిపోతుంది. నెల తిరిగేసరికి ఇంటి ఖర్చులోంచే సరుకులు కొనాల్సి వస్తుంది. చివరికి "నాకు వ్యాపారం చేతకాదు" అని మానేస్తుంది. నిజానికి చేతకానిది ఏమీ లేదు. లెక్కలో రెండు వరుసలు రాయలేదు, అంతే.

మేము సాఫ్ట్‌వేరు పనిలో ఉన్నవాళ్ళం. ప్రోగ్రాం రాయడానికి పట్టే సమయం మాత్రమే అంచనా వేసి, పరీక్షించడం, సరిదిద్దడం వదిలేస్తే ఆ ప్రాజెక్టు గడువు దాటడం ఖాయం. వంటింట్లో అంట్లు తోమడం అలాంటిదే. ఎవరికీ కనిపించదు, కాని అది చేయకపోతే రేపటి వంట లేదు.

5. రెండు పళ్ళేలు చేస్తే?

రెండు పళ్ళేలకు సరుకులు, పెట్టెలు రెట్టింపు అవుతాయి. బజారుకు మాత్రం ఒక్కసారే వెళ్తాం. పొయ్యి ఒకసారి వేడెక్కి ఉంటుంది. కడిగే గిన్నెలూ దాదాపు అవే. సరుకులు 28,000, పెట్టెలు 2,400, బొగ్గు 2,500, దారి ఖర్చు 1,300. పని 300 కాకుండా 210 నిమిషాలు అనుకుంటే కూలి 7,000. మొత్తం 41,200. ముక్కలు 46. ముక్క అసలు ఖరీదు దాదాపు 900కు దిగింది.

అందుకే రోజుకొక పళ్ళెం కన్నా వారానికి ఒకరోజు, ముందుగా అడిగినవాళ్ళకు కలిపి చేయడం మేలు. ధర తగ్గించాలంటే అమ్మ కూలి కొట్టేయనక్కర్లేదు. పనిని ఒకచోటికి చేర్చితే చాలు.

6. కూలి లెక్క మనకు కొత్తా?

రంగూన్ తెలుగువాళ్ళకు కూలి లెక్క కొత్త కాదు. కోరంగి రేవు నుంచి, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మన పెద్దలు రేవు పనికి, బియ్యపు మిల్లులకు వచ్చారు. ఇక్కడివాళ్ళు మన వాళ్ళను కోరంగీలనే పిలిచేవారు. మేస్త్రీ ద్వారా పని, మేస్త్రీ ద్వారా కూలి, అందులో మేస్త్రీ కోత. 1928లో ప్రభుత్వం తరఫున బెన్నిసన్ రంగూన్ కార్మికుల జీవన వ్యయంపై నివేదిక తయారు చేశాడు. బియ్యానికి ఎంత, గదికి ఎంత అని తెలుగువాళ్ళ ఖర్చులు కూడా అందులో చేరాయి. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. దాని వెంట వచ్చిన అల్లర్లలో ఎంతోమంది ప్రాణాలు పోయాయి. తమ చెమటకు ధర అడగడానికి వాళ్ళు అంత కష్టపడ్డారు.

గడప బయట చేసే పనికి ఇంత చరిత్ర ఉంది. మరి గడప లోపలి పనికి? ఆర్థికశాస్త్రవేత్త పీగూ 1920లోనే ఒక వింత చెప్పాడు. జీతం ఇచ్చి పెట్టుకున్న వంటామెను యజమాని పెళ్ళి చేసుకుంటే దేశ ఆదాయం తగ్గుతుందట! పని అదే, మనిషి ఆమే, కాని జీతం ఆగింది కాబట్టి లెక్కలోంచి మాయమైంది.

భారతదేశంలో 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవారు. చేసే మగవాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. అసలు చేయని మగవాళ్ళు ఈ సగటులో లేరు. 299 నిమిషాలంటే ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ!

పి. సత్యవతి గారు మన సామెతనే గుర్తుచేసే 'ఇల్లలకగానే' అనే కథ రాశారు. అందులో ఒక ఇల్లాలు ఇంటి పనిలో మునిగి తన పేరే మరచిపోతుంది. అమ్మలూ, అమ్మమ్మలూ వీలైతే పిల్లలకు ఆ కథ చెప్పండి.

7. అయితే అన్నిటికీ ధర కట్టాలా?

వద్దు. పక్కింటి బర్మా అవ్వకు పంపిన ముక్కకు, గుడిలో పంచిన ప్రసాదానికి, పుట్టినరోజు కేకుకు ధర లేదు. అమ్మ వండిన అన్నానికి బిల్లు వేయమని ఈ పాఠం చెప్పడం లేదు. ఇచ్చేది ఎంతో తెలిసి ఇవ్వమంటోంది. 1,200 ముక్కను "మనవాళ్ళే కదా" అని 1,000కి ఇస్తే, 200 మన కానుక. అది తెలిసి ఇస్తే సంతోషం. తెలియకుండా పోతే నష్టం.

అలాగే కొనేవాళ్ళకూ ఒక మనవి. ఇంట్లో చేసినదాన్ని దుకాణం ధరకన్నా తగ్గించమని బేరమాడేముందు, ఆ రెండున్నర గంటలను తలచుకోండి. "మీ ఇంట్లో చేసిందేగా అక్కా, కాస్త తగ్గించండి" అనే మాటలో అక్క చేతిపనికి విలువ లేదనే అర్థం ఉంది. మనకు తెలియకుండానే అంటాం.

అమ్మలకు కూడా ఒక మాట. "నా టైముకి లెక్కేమిటిలే" అని మీరంటే పిల్లలు అదే నేర్చుకుంటారు. రేపు ఆడపిల్ల తన పనికి ధర అడగదు, మగపిల్లాడు ఇతరుల పనిని చూడడు.

8. అభ్యాసం

ఒకటి: ఒక వారం పాటు మీ ఇంట్లో జరిగే పనులు పట్టికగా రాయండి. పని పేరు తెలుగులోనే రాయాలి. ఎవరు చేశారు, ఎన్ని నిమిషాలు పట్టింది అనేది పక్కన రాయండి. పేరు తెలియకపోతే అమ్మమ్మను అడగండి.

రెండు: వారం చివర ఒక్కొక్కరి నిమిషాలు కూడండి. ఎవరిది ఎక్కువ? నాన్న వరుస ఖాళీగా ఉందా? మీ వరుస?

మూడు: మీ ఇంట్లో చేసే ఏదైనా ఒక పిండివంటకు, అరిసెలు గాని, కజ్జికాయలు గాని, కేకు గాని, పై ఐదు మెట్లలో ధర కట్టండి. తామ్వే బజారులో వీశె ధర మీరే అడిగి రాయాలి.

నాలుగు: పట్టికలోంచి రోజుకు 20 నిమిషాల పని ఒకటి ఎంచుకోండి. వచ్చే ఏడాది పొడుగునా అది మీ పని. పన్నెండేళ్ళు దాటినవాళ్ళకు అంట్లు తోమడం మా సిఫారసు. రోజుకు 20 నిమిషాలంటే ఏడాదికి 7,300 నిమిషాలు, అంటే 121 గంటలకు పైనే. ఆ గంటల్లో అమ్మ కేకులు చేస్తుందో, పుస్తకం చదువుకుంటుందో, కాళ్ళు చాపుకుని కూర్చుంటుందో ఆవిడ ఇష్టం.

పట్టికలు పూర్తిచేసి వచ్చే శనివారం తరగతికి తీసుకురండి. అందరం కలిసి చూద్దాం.