మర్దనవిద్య గౌరవాస్పదమే

ప్రశ్న: మా అమ్మాయి మర్దన చికిత్స నేర్చుకొనెదనన్నది. బంధువులు చిన్నచూపు చూచుచున్నారు. ఏమి చేయవలెను?
— ఒక తల్లి, జగ్గయ్యపేట

జవాబు: అమ్మా, పసిబిడ్డకు నూనె యంటి, నలుగుపెట్టి, నీళ్లుపోసిన చేతులను ఆదరించిన మన సమాజమే, చరకసంహిత సూత్రస్థానమున దినచర్యలో విధింపబడిన అభ్యంగమును, కొందరు స్పాల మాటున సాగించిన అక్రమములను చూచి శంకించుట అన్యాయము. రోగి సమ్మతి, వస్త్రమర్యాద, శుచిత్వము, నవజ్వరమునందును అజీర్ణమునందును కాలిసిరలలో రక్తము గడ్డకట్టినపుడును మర్దనము కూడదను వివేకము, తన పరిమితి నెరిగి వైద్యుని యొద్దకు పంపు నిజాయితీ, ఇవియే యీ వృత్తికి ప్రమాణములు. ఇవి పాటించువారిని లోకము క్రమముగా గౌరవించును. విజయవాడలోని నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వైద్యులను సంప్రదించి, గుర్తింపుగల శిక్షణ యెచ్చట లభించునో తెలిసికొని, అమ్మాయిని నిస్సంకోచముగా పంపుడు.